గాలి ఎటు తోల్తాంది

ఆదివారం పొద్దున కుళ్లాయమ్మ
ముందు మా దండెం వైపు చూసేది.
అమ్మ మడి పట్టుచీర కొంగు ఎటు లేస్తే
గాలి అటు తోల్తున్నట్టు.

"తూరుపుకు మళ్లిందమ్మా,
ఇంగ పొయ్యి ముట్టిస్తాండా"
గోడవతల నుంచి ఒక కేక.
గాలి మా వైపే మొండికేసిన ఆదివారాలు
ఆ ఇంట్లో చారునీళ్లే.
వారమంతా దాచుకున్న అరకిలో ఆశ
పై వారానికి వాయిదా.

ధర్మవరంలో మా వెనక రేకులగది వాళ్లది.
అద్దె నూటపాతిక.
షరతు ఒకటే, వాసన రాకూడదు.

అమ్మ చాలా దయగలది.
చీమలకు నూకలు, కాకికి ముద్ద,
ఎండాకాలం పిచ్చుకలకు మూకుట్లో నీళ్లు.
కోళ్ల సైకిలు వీధిలో పోతుంటే
తలకిందులుగా వేలాడే ఆ కళ్లను చూసి
తన కళ్లు తుడుచుకునేది.
"పాపం, నోరులేని జీవాలు."
నోరున్న కుళ్లాయమ్మకు మాత్రం
కాఫీ పైనుంచి పోసేది,
చెంబు అంచు గ్లాసుకు తగలకుండా.

నేనూ తక్కువ తినలేదు.
అప్పుడు ఏడో తరగతి.
వన్నూరమ్మ పుస్తకాలతో గడప దగ్గరికొస్తే
"ఏదీ, ఊపిరి వదులు" అనేదాన్ని.
అది కళ్లు మూసుకుని, నోరు తెరిచి,
హా... అనేది.
వాసన చూసి లోపలికి రానిచ్చేదాన్ని.
లెక్కలు రానిది నాకు.
చెప్పడానికొచ్చేది అది.

ఆ గదిలోంచి ఎప్పుడూ ఏదో వచ్చేది.
మంగళవారమూ శనివారమూ కూడా,
పొయ్యి మీద సంకటి తప్ప ఏమీ లేని పూట కూడా.
"నీచు" అనేది అమ్మ, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.
వాసనకూ మనిషికీ
మా ఇంట్లో ఒకటే మాట సరిపోయింది.

ఒకరోజు వన్నూరమ్మ అన్నం క్యారియర్ పట్టుకుపోతుంటే
అమ్మకు చెప్పకుండా వెంట పోయినాను.
రీలింగు షెడ్డు.
సలసల కాగే తొట్లలో పట్టుగూళ్లు.
కుళ్లాయమ్మ వేళ్లు ఆవిరిలోకి దూరి
దారం కొస వెతికి పైకి లాగుతున్నాయి.
నాని, తోలు ఊడి, ఎవరివో అనిపించే వేళ్లు.
గూడు పలచబడేకొద్దీ లోపల
వంకరగా, నల్లగా, ఉడికిన పురుగు.

అదే వాసన.
ఆ గది వాసన. ఆమె జుట్టు వాసన.
మా అమ్మ ముక్కుకు అడ్డం పెట్టుకున్న
ఆ కొంగు పుట్టిన చోటి వాసన.

తిరిగొస్తూ నేనే అడిగాను, చీరకు ఎన్ని గూళ్లని.
వన్నూరమ్మ దోవ పక్కన కూచుని
మట్టిలో పుల్లతో లెక్క కట్టింది.
కిలోకు ఇన్ని, మీ అమ్మ చీర ఇన్ని గ్రాములు.
రెండువేల చిల్లర వచ్చింది.
దెప్పలేదు. దానికది లెక్కే.
జవాబు కింద, బళ్లో నేర్పినట్టు,
రెండు గీతలు గీసి లేచింది.

ఆ శుక్రవారం అదే చీరలో అమ్మ
చక్కెరపొంగలి నైవేద్యం పెడుతోంది.
నేను గంట కొట్టాను.
ఏమీ చెప్పలేదు.

ఇప్పటికీ పప్పూ చారే తింటాను.
మాంసం వాసనొస్తే కడుపులో తిప్పుతుంది, అబద్ధమెందుకు.
పోయిన నెల అనంతపురంలో
మా అపార్టుమెంటు మీటింగు.
శాకాహారులకే అద్దెకివ్వాలని తీర్మానం.
వీధికుక్కలకు రోజూ బిస్కెట్లు వేసే
మూడో అంతస్తు ప్రసూనగారు చదివారు,
గొంతు ఎంత మెత్తగా ఉందో.
నేను చెయ్యెత్తలేదు.
అడ్డమూ చెప్పలేదు.
టీ తాగి వచ్చేశాను.

అమ్మ చీర నా బీరువాలో ఉంది.
ఏడాదికోసారి తీసి బాల్కనీ నీడన ఆరేస్తాను.
కొంగు లేచినప్పుడు
ఎటు లేచిందో చూడకుండా ఉండలేను.

తన వేళ్లతో తీసిన దారాన్నే
గాలి ఎటని అడిగింది కుళ్లాయమ్మ,
మాకు ఇబ్బంది కాకూడదని,
అన్నేళ్లూ.